మా గరాజ్‌లో ఆరు కొండచిలువ పిల్లలు: నా అనుభవం

ముందే చెప్పేస్తాను, నాకు పాములంటే ఇష్టం లేదు. ఇప్పటికీ పెద్దగా లేదు. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి కుక్కపిల్ల కావాలని రెండేళ్ళు ప్రాణం తీశాడు. మా ఆయనకి వెంట్రుకలు పడవు, తుమ్ములు. పిల్లీ అంతే. బేరమాడుతూ బేరమాడుతూ చివరికి వెంట్రుకలే లేని జంతువు దగ్గర తేలాం. బాల్ పైథాన్ అన్నాడు. కొండచిలువ అని తెలుగులో చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు, వాడికా సంగతి తెలుసు.

ఘనా, టోగో, బెనిన్ వైపు పుట్టే పాము ఇది. నాలుగైదు అడుగులు దాటి పెరగడం తక్కువ. భయమేస్తే తల మధ్యలో పెట్టుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే ఆ పేరు. టెక్సాస్‌లో రెటిక్యులేటెడ్ పైథాన్, గ్రీన్ అనకొండ లాంటి మహాకాయాలకి పర్మిట్ ఉండాలి కానీ దీనికి అక్కర్లేదు. 2023 అక్టోబర్‌లో, వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర ఆడ పాముని కొన్నాం. బరువు 1,900 గ్రాములు. మావాడు మిరియం అని పేరు పెట్టాడు. ఆయన చెప్పనిదల్లా ఒక్కటే, దానితో పాటు ఒక మగ పాము కూడా ఉండేదని.

జనవరిలో తిండి మానేసింది. చలికాలంలో ఇవి మానేస్తాయిలే అనుకున్నాం. మార్చిలో డాక్టరమ్మకి చూపిస్తే నవ్వి, "మీరు అమ్మమ్మ కాబోతున్నారు" అంది. మగపాము కలిసి నెలలైనా వీర్యాన్ని దాచుకుని గుడ్లు పెట్టగలవట. అంతెందుకు, 2020లో సెయింట్ లూయిస్ జూలో అరవై దాటిన బాల్ పైథాన్ ఒకటి ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి పదిహేనేళ్ళకి పైగా మగపాము దాని దరిదాపుల్లోనే లేదు. అది దాచుకున్న వీర్యమా, మగది లేకుండానే పెట్టినవా అన్నది అప్పటికి తేలలేదు.

మా మిరియం కూడా ఏడే పెట్టింది, ఏప్రిల్ 19 రాత్రి. ఒకటి చిన్నగా, పసుపుపచ్చగా, వట్టిది. మిగతా ఆరూ తెల్లగా, తోలు సంచుల్లా ఉన్నాయి. మన కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని, ఒళ్ళు వణికించి మరీ వేడి పుట్టిస్తుంది. దీనికి అంత విద్య లేదు, చుట్టుకుని తేమ పోకుండా కాపాడుతుందంతే. మేం గుడ్లు తీసేసుకుని థర్మోకోల్ డబ్బాలో, తడిపిన వెర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే ఖనిజపు పలుకులు) మీద పెట్టాం. వేడి 89 డిగ్రీల ఫారెన్‌హీట్. కోడిగుడ్లలా తిప్పకూడదు. లోపలి పిండం పైభాగాన అతుక్కుని ఉంటుంది, తిరగబడితే చచ్చిపోవచ్చు. అందుకని ప్రతి గుడ్డు నెత్తినా పెన్సిల్‌తో చుక్క పెట్టాడు మావాడు.

అదే నెలాఖరుకి తెనాలి నుంచి మా అత్తయ్యగారు దిగారు, ఆరు నెలలకి. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ దారిలోనే చెప్పాను, గరాజ్‌లో ఏముందో. కాసేపు మాట్లాడలేదావిడ. తర్వాత, "మా ఊళ్ళో జెర్రిపోతు కనబడితే కర్రలు పట్టుకుని పదిమంది పరిగెత్తేవారమ్మా. నాగుల చవితికి మాత్రం పుట్టలో పాలు పోసేవాళ్ళం. మీరేమో పెట్టెలో పెట్టి పొదుగుతున్నారు" అంది. కోపమో వేళాకోళమో అర్థం కాలేదు.

మే 28 ఉదయం పెద్ద గాలివాన. డల్లాస్ చుట్టుపక్కల లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, మాకు రాత్రి ఎనిమిదింటికి గానీ రాలేదు. గుడ్లు పెట్టి 39 రోజులు. డబ్బాలో వేడి 89 నుంచి 84కి, తర్వాత 81కి జారింది. మావాడు ఏడుపు మొహం వేసుకుని ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాడు. అత్తయ్య లేచి వెళ్ళి తెనాలి నుంచి తెచ్చుకున్న బొంత పట్టుకొచ్చి డబ్బా చుట్టూ కప్పింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, కొన్ని గంటలు నెమ్మదిగా చల్లబడితే పెద్ద ప్రమాదం లేదు, వేడినీళ్ళ సీసాలు దగ్గర పెట్టి అతివేడి చెయ్యొద్దు, గుడ్లని చంపేది ఎక్కువగా వేడే అంది. నేనప్పటికే గ్యాస్ స్టవ్ మీద నీళ్ళు పెట్టేశాను. ఆ నీళ్ళతో టీ పెట్టుకున్నాం.

జూన్ 15, శనివారం పొద్దున్న. 57వ రోజు. మూడో గుడ్డు మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి కోత. పిల్ల ముక్కు చివర చిన్న పన్ను ఉంటుంది, దానితోనే చీలుస్తుంది, తర్వాత అది ఊడిపోతుంది. కోతలోంచి బొటనవేలంత తల బయటపెట్టి, మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి లాక్కుంది. ఒక రోజు, రోజున్నర అలాగే కూర్చుంటాయి, లోపల మిగిలిన పచ్చసొనని పొట్టలోకి పీల్చుకుంటూ. ఆ సొనే వాటికి మొదటి రెండు మూడు వారాల భోజనం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చేసిన తప్పులే ఈ రాతలో ఎక్కువ.

సోమవారం రాత్రికి ఐదు బయటికొచ్చాయి. మావాడు వంటగది తూకం మీద పెట్టబోతే నేను అరిచాను, కొత్తది కొన్నాం. 68, 64, 71, 59, 62 గ్రాములు. ఆరోది మాత్రం కదల్లేదు. మంగళవారం సాయంత్రం, మిగతావి చీలి మూడు రోజులయ్యాక, డాక్టరమ్మ ఫోన్‌లో చెబుతుంటే చిన్న కత్తెరతో గుడ్డు నెత్తిన తపాలా బిళ్ళంత కిటికీ కోశాం. రక్తనాళం తెగకుండా పైపొర మాత్రమే. లోపల పిల్ల బతికే ఉంది. ముడుచుకుని, నాలుక ఒక్కసారి ఆడించింది. "ఇక ముట్టుకోకండి" అంది డాక్టరమ్మ. గుడ్డులోంచి మనం లాగితే సొన బయటే ఉండిపోతుందట.

మేం లాగలేదు, కానీ అది గురువారం దానంతటదే తొందరపడి బయటికొచ్చింది. 47 గ్రాములు. పొట్ట కింద సన్నటి నరంలాంటి దానికి శనగగింజంత సొన ముద్ద వేలాడుతోంది. నాకు గుండె ఆగినంత పనైంది. దారంతో కట్టి కోసెయ్యాలేమో అనుకున్నాను, మన ఇళ్ళల్లో బొడ్డు కోసినట్టు. అదే చెయ్యకూడనిది. డాక్టరమ్మ చెప్పిన పని వినడానికి ఏమీ లేనట్టుంటుంది: కింద తడి టిష్యూ పేపర్ తప్ప ఇంకేమీ వెయ్యొద్దు. చెక్కపొట్టూ కొబ్బరిపీచూ వేస్తే అతుక్కుని లాగేస్తాయి. సొన ఎండి బిరుసెక్కకుండా తేమ ఉంచండి, పిల్లని ఎత్తొద్దు. రోజుకి రెండుసార్లు పేపర్ మార్చేవాళ్ళం, పిల్ల కింద నుంచి అంగుళం అంగుళం జరుపుతూ. నాలుగో రోజుకి ఆ ముద్ద నల్లబడి, ఎండిన చింతతొక్కులా ఊడిపడింది. బొడ్డు దగ్గర చిన్న గీత మిగిలింది. అక్కడ ఎరుపెక్కినా, వాచినా, పొట్ట ఉబ్బినట్టున్నా లోపల సొన కుళ్ళుతోందని అర్థమట, వెంటనే తీసుకురమ్మంది. అదృష్టం, అలా కాలేదు.

దానికి బుడ్డోడు అని పేరు పెట్టింది అత్తయ్య. మిగతా ఐదూ నంబర్లే. తర్వాత డాక్టరమ్మ చూసి ఆడదని తేల్చింది, అయినా మా ఇంట్లో బుడ్డోడే.

ఇల్లు సంగతి. నేను పెద్ద గాజు తొట్టె కొందామన్నాను, రాళ్ళూ కొమ్మలూ పెట్టి. పిల్లలకి అంత చోటు ఉంటే భయంతో తిండి కూడా ముట్టవని తేలింది. అడవిలో ఇవి ఎలుక బొరియల్లో దాక్కుంటాయి, ఒళ్ళు నాలుగు వైపులా తగులుతుంటేనే ధైర్యం. చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ టబ్బులు ఆరు, గాలికి చిల్లులు, కింద పేపర్ టవల్, బోర్లించిన పెరుగు కప్పుకి గుమ్మం కోసి ఒక ఇల్లు, చిన్న నీళ్ళ మూత. ఒక వైపు 88 నుంచి 90 డిగ్రీలు, రెండో వైపు 80 దగ్గర. మొత్తం ఖర్చు నేను కొనాలనుకున్న తొట్టెలో పదో వంతు కూడా కాలేదు. పేపర్ టవల్‌లో ఇంకో సుఖం, రెట్ట, రక్తం, నల్లి ఏదున్నా తెల్లగా కనిపించిపోతుంది.

ఇక చేతులు. పాములు చూడ్డానికి శుభ్రంగా ఉన్నా విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా అనే బాక్టీరియాని మోస్తాయి. ఐదేళ్ళ లోపు పిల్లలు ముట్టుకోవద్దని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మావాడికి ఈ విషయం వందసార్లు చెప్పినా ఎక్కలేదు, అత్తయ్య మడి మాత్రం ఎక్కింది. పాము సామాను వంటింటి సింకులో కడిగితే ఊరుకునేది కాదు. వాటి పట్టకార్లు వేరు, బకెట్ వేరు, గుడ్డ వేరు. ముట్టుకున్నవాడు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటేనే గుమ్మం దాటనిచ్చేది. డాక్టరమ్మకి చెబితే, మా క్లినిక్‌కి ఆవిడని పంపండి అంది.

పుట్టిన తొమ్మిదో రోజు నుంచి మొదటి కుబుసం. కళ్ళు పాలపొరలా మసకబారి, మళ్ళీ తేటపడి, తర్వాత మేజోడు తిప్పినట్టు ముక్కు నుంచి తోక దాకా ఒకే ముక్కగా వదిలాయి. నాలుగో నంబర్ తప్ప. దానిది ముక్కలు ముక్కలుగా ఊడింది. కుడికన్ను మీద పొర అలాగే ఉండిపోయింది, పాతబడ్డ సెల్లో టేపులా. ఎండాకాలం టెక్సాస్‌లో ఏసీ ఆగదు కదా, ఇంట్లో తేమ 40 శాతం కూడా లేదు. వీటికి 60 దగ్గర ఉండాలి, కుబుసం వేళకి ఇంకాస్త ఎక్కువ. నేను కనుబొమలు తీసుకునే ట్వీజర్ పట్టుకుని సిద్ధమయ్యాను. అంచు కూడా దొరికింది. సరిగ్గా అప్పుడే మావాడు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పాముకి కనురెప్పలు ఉండవమ్మా, కంటి మీద ఉండే అద్దంలాంటి పొలుసే దానికి రక్షణ, పాతదనుకుని కొత్తది లాగేస్తే కన్ను పోతుంది అన్నాడు. తర్వాత డాక్టరమ్మా అదే మాట చెప్పింది. గోరువెచ్చని తడిగుడ్డ పెట్టిన డబ్బాలో అరగంట ఉంచి, టబ్బులో తేమ పెంచి వదిలెయ్యమంది. తర్వాతి కుబుసంతో పాటు ఊడొచ్చింది. దాదాపు నెల పట్టింది. ఆ నెల రోజులూ దాని కంటి వంక చూడలేకపోయాను.

తిండి దగ్గరికొద్దాం. అసలు కథ ఇదే.

మనకి పిల్లలంటే తిండే కదా. తిన్నాడా, ఎంత తిన్నాడు, ఎందుకు తినలేదు. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను, మావాడిని అలాగే పెంచాను, గోరుముద్దలు పెట్టి, వీధిలో చందమామని చూపించి. పుట్టిన మూడో రోజు నుంచే ఈ పిల్లలు పస్తులున్నాయని నాకు నిద్ర పట్టలేదు. మొదటి కుబుసం విడిచేదాకా తిండి పెట్టే పనే లేదని ఎన్నిసార్లు విన్నా లోపలికి ఎక్కలేదు.

పెట్టాల్సింది ఎలుక పిల్ల. పాము బరువులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. 60 గ్రాముల పిల్లకి ఆరేడు గ్రాములది. అప్పుడే బొచ్చు వచ్చి కళ్ళు తెరిచి గెంతులేసే వయసు ఎలుక, హాపర్ అంటారు. గడ్డకట్టించినవి దొరుకుతాయి. మా ఫ్రిజ్‌లో గోంగూర, మునక్కాయ ముక్కల పక్కన ఆ ప్యాకెట్ పెట్టనిచ్చే ప్రసక్తే లేదు కాబట్టి గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ కొన్నాం. ఫ్రిజ్‌లో కరగబెట్టి, వేడినీళ్ళలో ఒంటి వేడికి తెచ్చి, పట్టకారుతో తోక పట్టుకుని ఆడించాలి. మైక్రోవేవ్ పనికిరాదు. ఎందుకో చెప్పను, ఊహించుకోండి.

కానీ గుడ్డులోంచి వచ్చిన బాల్ పైథాన్‌కి కదలనిది తిండి అని చాలాసార్లు తోచదు. మొదటి ఒకటి రెండుసార్లు బతికున్నది పెట్టక తప్పలేదు. పెద్ద ఎలుకైతే పాముని కొరికి చంపగలదు, ఈ వయసు పిల్లతో ఆ భయం తక్కువ. అయినా పక్కనే ఉండి చూడాలి. అత్తయ్య శాకాహారి. ఆ రోజుల్లో జపమాల తీసుకుని మేడ మీదకి వెళ్ళిపోయేది. నేను తప్పు అనలేను, ఒప్పు అనీ అనలేను. నేనూ ఒకటి రెండుసార్లు తల తిప్పుకున్నాను. ఎంత వేగం అనుకున్నారు! కన్ను ఆర్పేలోగా మూడు చుట్లు పడిపోతాయి, చెప్పుల డబ్బాలో నిద్రపోతున్నట్టుండే ఆ నత్తనడక ప్రాణికి.

ఒకటి, మూడు, ఐదు మొదటిసారే తిన్నాయి. రెండోది వారానికి. నాలుగోది, బుడ్డోడు ముట్టలేదు. రోజూ పెట్టాను. పొద్దున్న పెట్టి, మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్ మ్యూట్ చేసుకుని వెళ్ళి మళ్ళీ పెట్టి, మూత తీసి చూసి, ఎత్తి తూకం వేసి. నాలుగో నంబర్ నన్ను చూస్తేనే తల చుట్టలో దాచుకోవడం మొదలుపెట్టింది. వారానికి ఒక్కసారి తూకం, ఐదారు రోజులకి ఒక్కసారి తిండి, మధ్యలో మూత తియ్యొద్దు అని డాక్టరమ్మ కాస్త గట్టిగానే చెప్పింది. "అది ఆకలితో లేదు, మీకు భయపడి ఉంది" అంది. నొచ్చుకున్నాను. ఐదు రోజులు టబ్బు మీద టవల్ కప్పి ఆ వైపే వెళ్ళలేదు. ఆరో రోజు రాత్రి కాగితపు సంచిలో చిన్న చిల్లులు పొడిచి, పామునీ వేడిచేసిన ఎలుకనీ అందులో పెట్టి, సంచితో సహా టబ్బులో ఉంచి లైటు ఆర్పేశాం. పొద్దున్న సంచిలో పాము ఒక్కటే ఉంది, మధ్యలో ఉబ్బి.

ఈ లోపు ఒకటో నంబర్‌తో అక్షింతలు తిన్నాను. బాగా తింటోంది కదా అని రెండోసారి కాస్త పెద్ద ఎలుక పెట్టాను. మర్నాడు ఆదివారం, మా ఇంట్లో భోజనాలు, నాలుగు కుటుంబాలు. పిల్లలు గోల పెడితే మావాడు ఒకటో నంబర్‌ని తీసుకొచ్చాడు, నేనూ అడ్డు చెప్పలేదు. నలుగురి చేతులు మారింది. ఆ రాత్రి గరాజ్ తలుపు తియ్యగానే వచ్చిన వాసన, కుళ్ళిన మాంసం మీద పులిసిన మజ్జిగ పోసినట్టు. కక్కేసింది. తిన్నాక రెండు రోజులు ఎత్తకూడదని, ఎత్తినా, చలేసినా, ముద్ద పెద్దదైనా కక్కేస్తాయని అప్పుడు తెలిసింది. మాకు మూడిట్లో రెండు తప్పులు ఒకేసారి కుదిరాయి. వాంతితో పొట్టలోని ఆమ్లం గొంతు కాలుస్తుంది, లోపల అరిగించే శక్తీ పోతుంది. కంగారుపడి వెంటనే మళ్ళీ పెడితే మళ్ళీ కక్కుతుంది, అలా రెండు మూడుసార్లయితే పిల్ల దక్కదు. రెండు వారాలు నీళ్ళు తప్ప ఏమీ వద్దని, ఆ తర్వాత సగం సైజు పెట్టమని చెప్పారు. ఆ రెండు వారాలూ నా చేతులు కట్టేసుకోవడమే వైద్యం.

జూలై ఆఖర్లో రెండో నంబర్‌కి జబ్బు చేసింది. రాత్రి గరాజ్‌లో టిక్, టిక్ అని వినబడుతోంది. ఫ్యాన్ అనుకున్నాను. మర్నాడు చూస్తే ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ, గాలి పీల్చినప్పుడల్లా పెరుగుతూ పగులుతూ. తల పైకెత్తి గోడకి ఆనించి, నోరు సగం తెరుచుకుని ఉంది. పాములకి మనలా దగ్గే ఏర్పాటు లేదు. ఊపిరితిత్తుల్లో చేరిన కఫం బయటికి రాదు, అందుకే చిన్న జలుబులా మొదలై న్యుమోనియా అవుతుంది. కారణం వెతికితే నేనే. కుబుసం సంగతి తర్వాత భయపడి టబ్బులన్నీ తెగ తడిపాను. శుభ్రం చేసినప్పుడు, వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ తీగ జారిపోతే చూసుకోలేదు. వెచ్చగా ఉండాల్సిన వైపు 79 డిగ్రీలే ఉంది. వెచ్చగా ఉంటే తడి పర్వాలేదు. చలీ తడీ కలిస్తేనే ముప్పు.

నోట్లో సన్నటి దూది పుల్ల తిప్పి శాంపిల్ తీశారు. పైథాన్లలో సెర్పెంటోవైరస్ అని ఒకటుంది, ముందు నైడోవైరస్ అనేవారు. అదైతే మందు లేదు, పక్కవాటికీ పాకుతుంది. రిజల్ట్ వచ్చేదాకా రెండో నంబర్‌ని మేడ మీద స్నానాల గదిలోకి మార్చాం, తల్లిని కూడా చూపించాం. వైరస్ లేదని వచ్చేసరికి ఆ ఐదు రోజుల్లో నాకు బీపీ వచ్చి ఉంటుంది. సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు, ఇన్సులిన్ సూదిలో నీళ్ళ చుక్కంత, సూదులు ఫ్రీజర్‌లో దాచుకుని మూడు రోజులకి ఒకటి, మొత్తం ఏడు. ఒంటి ముందు సగంలోనే పొడవాలి. వెనక సగం రక్తం ముందు మూత్రపిండాల వైపు వెళ్తుంది, మందు ఒంటికి పట్టకముందే పోవచ్చు. నేను పట్టుకునేదాన్ని, మావాడు పొడిచేవాడు. మొదటిసారి ఇద్దరి చేతులూ వణికాయి. మూడోసారికి బుడగలు తగ్గాయి. ఏడో సూది అయ్యాక రెండు రోజులకి అది ఎలుకని మింగింది.

ఇంతలో బుడ్డోడు. 47 గ్రాములతో పుట్టినది ఆగస్టు మొదట్లో 41 అయింది. సంచి, చీకటి, వేరే రకం ఎలుక, అన్నీ చూశాం. తూకం అంకెలు అత్తయ్య రాసేది, గుడిలో ఇచ్చిన తెలుగు క్యాలెండర్‌లో, తిథి కింద పెన్సిల్‌తో. ఏకాదశి, 43. అమావాస్య, 41. పదో వంతు పైగా తగ్గింది కాబట్టి ఇక సాయం చెయ్యొచ్చు అంది డాక్టరమ్మ, ముందు తన దగ్గర చేసి చూపించింది. తర్వాత వారం ఇంట్లో నేనే.

బొచ్చు కూడా రాని, వేలి కణుపంత ఎలుక పిల్ల, కరగబెట్టి వేడిచేసినది. ఎడమ చేత్తో బుడ్డోడి తల వెనక, పెన్ను పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకున్నాను. ఎలుక మూతితో దాని పెదవి అంచున మెల్లగా ఒత్తితే నోరు తెరుచుకుంది. లోపల గులాబీరంగు, నాలుక కింద గాలిగొట్టం చిన్న గుండీ కాజాలా తెరుచుకుంటూ మూసుకుంటూ. ఎలుక తల పళ్ళకి తగిలేంత పెట్టి, నోరు మూసి, కింద పెట్టి వదిలేశాను. ఊపిరి బిగపట్టాను. ఉమ్మేసింది. మళ్ళీ. ఉమ్మేసింది. మూడోసారి నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు అలాగే ఉండిపోయింది. మా ఆయన తుమ్మాడు, ఉమ్మేసింది. ఆయన్ని బయటికి పంపించాం. నాలుగోసారి దవడ ఒక పక్క ముందుకి జరిగింది. తర్వాత రెండో పక్క. నడుస్తున్నట్టు, కుడి, ఎడమ, కుడి. గుమ్మం బయట నిలబడి కొంగుతో ముక్కు మూసుకున్న అత్తయ్య, గొంతు వినబడకుండా, "మింగుతున్నాడే" అంది.

అలా మూడుసార్లు చేశాం. నాలుగోసారి ఊరికే పట్టకారుతో చూపిస్తే లాక్కుంది.

ఐదో నంబర్ గురించి ఏమీ రాయలేదు కదా. రాయడానికి ఏమీ లేదు. తిన్నది, పెరిగింది. తోక చివర చిన్న వంకర ఉంది, గుడ్డులో ఉండగా వేడి హెచ్చుతగ్గులైతే అలా రావచ్చట. వెన్ను మధ్యలో గట్టి వంకరైతే తిన్నది దాటదు, అరగదు, ఇది తోకే కాబట్టి పర్వాలేదన్నారు.

తెనాలిలో మా ఆడపడుచు కొడుకు వీడియో కాల్‌లో చూసి నాకొకటి తెచ్చిపెట్టు అత్తా అన్నాడు. సూట్‌కేసులో వేసుకురావడానికి అది బాదంపప్పు కాదురా అన్నాను. మన కొండచిలువని ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. ఈ విదేశీ పాము కూడా వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది, పర్మిట్లు లేకుండా సరిహద్దు దాటించడం నేరం. అక్కడ ఇప్పటికే పెంచుతున్నవాళ్ళు కూడా 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

సాయం లేకుండా వరసగా ఐదుసార్లు తిన్నాకే ఎవరికైనా ఇవ్వాలని మావాడు నియమం పెట్టుకున్నాడు. అడిగినవాళ్ళలో సగంమంది రంగు మాత్రమే అడిగారు. వాళ్ళకి ఇవ్వలేదు. అక్టోబర్‌కి నాలుగు వెళ్ళిపోయాయి, ప్రతి దానితోనూ బరువులు, తిన్న తేదీలు, కుబుసం తేదీలు రాసిన కార్డుతో. రెండో నంబర్, బుడ్డోడు మా దగ్గరే ఉండిపోయాయి.

నాలుగో నంబర్ వెళ్ళింది ప్లేనోలో ఒక తెలుగువాళ్ళింటికే. పదకొండు రోజులకి ఆ అమ్మాయి ఫోన్ చేసింది, గొంతులో ఏడుపు.

"అక్కా, అది ఏమీ తినట్లేదు. రోజూ పెడుతున్నాను. పొద్దున్నా పెడుతున్నాను, సాయంత్రమూ పెడుతున్నాను."

"బరువెంతుంది?"

"చూళ్ళేదక్కా."

"చూసి చెప్పు."

రెండు నిమిషాల తర్వాత మళ్ళీ మోగింది. "88 ఉందక్కా. కార్డులో 89 అని రాశారు."

"టబ్బు మూత పెట్టెయ్. మీద టవల్ కప్పు. వచ్చే ఆదివారం దాకా తియ్యకు."

"ఏమీ పెట్టకుండానా?"

"నీళ్ళు పెట్టు చాలు."